బొమ్మల్ని చీకట్లో పెట్టినవాళ్ళ తరఫున

బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఆరు వేలకు పైగా జపాన్ చెక్క అచ్చు బొమ్మలున్నాయి (చెక్క దిమ్మెలతో కాగితం మీద అచ్చేసిన చిత్రాలు), వాటిని గోడకి మాత్రం తగిలించరు. ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది కాదు, ఎప్పుడూ తగిలించరు. 1921లో విలియం స్పాల్డింగ్, జాన్ స్పాల్డింగ్ అనే అన్నదమ్ములు వాటిని మ్యూజియానికి ఇస్తూ పెట్టిన షరతు అది. ప్రదర్శనకి పెట్టకూడదు, అంతే. వందేళ్ళు దాటిపోయింది, మ్యూజియం ఆ మాట మీదే ఉంది.

"అలాంటప్పుడు ఇవ్వడమెందుకు, తీసుకోవడమెందుకు" అని మీకు అనిపిస్తే మీరు మా ఆయన పార్టీ. నేను స్పాల్డింగ్ అన్నదమ్ముల పార్టీ. పోయిన శనివారం మేమిద్దరం ఆ మ్యూజియంలోనే దీని గురించి వాదించుకున్నాం, తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో వాదించుకున్నాం, ఇంటికొచ్చి పప్పుకి తాలింపు వేస్తూ కూడా వదల్లేదు. ఆయనకి బ్లాగు లేదు కాబట్టి ఇక్కడ నాదే రాజ్యం. అయినా ఆయన మాటలు కూడా ఉన్నవున్నట్టే రాస్తాను, ఎందుకంటే వాటిలో ఒకదానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

అసలు మేం మ్యూజియానికి వెళ్ళడమే వింత. బోస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ శని ఆదివారాలు ఎలా గడుస్తాయో మీకు తెలిసిందే: ఆష్‌లాండ్‌లో శ్రీలక్ష్మి గుడి, ఇండియన్ స్టోర్, పిల్లల కూచిపూడి క్లాసు, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. మ్యూజియమంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, అది కూడా హార్వర్డ్‌లో విగ్రహం బూటు ముట్టుకుని ఫోటో దిగాక టైముంటే. ఈసారి పిల్లలిద్దరూ ఏదో బర్త్‌డే పార్టీకి పోయారు, మధ్యాహ్నమంతా ఖాళీ. మా ఆయనే అన్నాడు, "ఆ అల బొమ్మ ఇక్కడే ఉందట కదా, పద చూసొద్దాం" అని.

అల బొమ్మ అంటే హొకుసాయ్ అనే జపాన్ చిత్రకారుడు గీసిన పెద్ద అల. మీరూ చూసే ఉంటారు, కప్పుల మీద, టీషర్టుల మీద, గొడుగుల మీద ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. మా ఆయన ఆఫీసు లాప్‌టాప్ మీద స్టిక్కర్‌గా కూడా ఉంది. గోళ్ళలాంటి నురగతో పైకి లేచిన అల, దాని కింద మూడు పడవలు, దూరంగా చిన్నగా ఫూజీ కొండ. 1830 ప్రాంతంలో అచ్చయింది, అప్పటికి హొకుసాయ్‌కి డెబ్బై ఏళ్ళు. అది ఒకే ఒక్క పెయింటింగ్ అనుకుంటారు చాలామంది. కాదు, అచ్చు బొమ్మ, మన పెద్ద నోటుబుక్కుని తెరిచి పెట్టినంత ఉంటుంది. వేలల్లో అచ్చేసి మామూలు జనానికి అమ్మినది. అందుకే లండన్‌లో ఉంది, న్యూయార్క్‌లో ఉంది, బోస్టన్‌లో ఒకటి కంటే ఎక్కువ ప్రతులున్నాయి.

గ్రీన్ లైన్ ఇ ట్రైన్ ఎక్కితే మ్యూజియం పేరుతోనే స్టాప్ ఉంటుంది, దిగితే ఎదురుగానే. లోపలికి వెళ్ళి జపాన్ గ్యాలరీలు వెతుక్కుని అడుగుపెట్టగానే మా ఆయన మొదటి మాట: "ఏంటే ఇంత చీకటి, కరెంటు బిల్లు కట్టలేదా వీళ్ళు?"

చీకటే మరి. పక్క హాల్లో యూరప్ నూనెరంగుల బొమ్మలు ధగధగలాడుతుంటాయి, ఇక్కడ కళ్ళు అలవాటు పడడానికే రెండు నిమిషాలు పడుతుంది. కాగితం మీది బొమ్మలకి మ్యూజియంలు మామూలుగా 50 లక్స్‌కి మించి వెలుతురు పడనివ్వవు. మన ఆఫీసుల్లో బల్ల మీద పడే వెలుతురులో అది పదో వంతు. ఎందుకంటే ఆ బొమ్మల్లోని రంగులు చాలావరకు చెట్ల నుంచి, పూల నుంచి తీసినవి. ఎరుపు కుసుమపువ్వుది. పాత బొమ్మల్లో నీలం ఒక రకం అడవి పువ్వు రేకులది, జపాన్‌లో దారి పక్కన వానాకాలం మొలిచే చిన్న నీలి పువ్వు. ఆ నీలం ఎంత సుకుమారమంటే ఎండ సంగతి అటుంచి కాస్త తేమ తగిలినా రంగు మారిపోతుంది. ఊదా రంగు కావాలంటే ఆ నీలాన్నీ ఈ ఎరుపునీ కలిపేవాళ్ళు, అంటే రెండూ పోయే రంగులే. అలా గోడల మీద కొన్నేళ్ళు వేలాడిన బొమ్మల్లో ఊదా చీరలు మట్టి రంగయ్యాయి (చీరలు కాదు, కిమోనోలు, నాకు చీర అనే వస్తుంది), నీలి నదులు గోధుమ రంగులోకి పోయాయి, గులాబీ రంగు ఆకాశాలు ఉత్త కాగితాలయ్యాయి.

ఇక్కడే స్పాల్డింగ్‌ల షరతు నాకు అర్థవంతంగా కనిపిస్తుంది. వాళ్ళ దగ్గరికి వచ్చినవి అప్పటికే బాగా కాపాడిన ప్రతులు. 1913లో వాళ్ళ కోసం జపాన్ వెళ్ళి కొనుక్కొచ్చినవాళ్ళలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కూడా ఉన్నాడు, అదే, ఆర్కిటెక్టు రైట్, ఆయనకి జపాన్ అచ్చు బొమ్మల పిచ్చి మామూలుది కాదు, ఇళ్ళు కట్టడమే కాదు ఆ వ్యాపారం కూడా బాగానే చేశాడు. అలా చేరిన వాటిని వెలుతురుకి దూరంగా పెట్టెల్లో పెట్టేశారు. అందువల్ల 1760ల్లో హరునొబు అనే చిత్రకారుడి కాలపు బొమ్మల్లో ఊదా ఎలా ఉండేదో, ఆ పువ్వు నీలం ఎలా ఉండేదో ఈరోజు ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే, ఇలా చీకట్లో ఉండిపోయిన బొమ్మల పుణ్యమే. మిగతా ప్రపంచంలో గోడలెక్కిన వేల బొమ్మలు ఎంత మారాయో తెలియాలంటే ఎక్కడో ఒకచోట మారనివి ఉండాలి కదా. అన్నీ గోడలెక్కితే, పాత జపాన్ బొమ్మలంటేనే లేత గోధుమ రంగులో నీరసంగా ఉంటాయి కాబోలు, వాళ్ళ రుచే అంత కాబోలు అనుకునేవాళ్ళం. నిజానికి చాలామంది అలాగే అనుకున్నారు కూడా! జపాన్ వాళ్ళ మెత్తటి రంగుల అభిరుచి అని మెచ్చుకున్నదాంట్లో కొంత వాళ్ళ అభిరుచి కాదు, ఎండ చేసిన పని.

ఇంతా చెప్పాక, ఆ రోజు అల గోడ మీద లేదు. వరసలు మారుస్తుంటారు. కొన్ని నెలలు బయట ఉన్న బొమ్మ తర్వాత కొన్నేళ్ళపాటు లోపల పడుకోవాల్సిందే, ఎంత పేరున్నదైనా ఇదే లెక్క. అల బొమ్మలోని ముదురు నీలం యూరప్ నుంచి దిగుమతైన రసాయన నీలం, అది కాస్త గట్టిదే. కానీ ఆకాశంలో ఒక మబ్బు ఉంటుంది, తెలుసా? లేత రంగు ఆకాశం, అందులో పైకి లేస్తున్న మబ్బు. చాలా ప్రతుల్లో అది కనిపించదు, వెలిసిపోయింది. లాప్‌టాప్ స్టిక్కర్లో అసలు లేనే లేదు. అల నిలబడింది, మబ్బు పోయింది.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. "బాగుంది వరస. ఆరువేలు ఎప్పటికీ చూపించరు. మిగతావి కొన్నేళ్ళకోసారి చూపిస్తారు. లాకర్లో బంగారం పెట్టి, పెళ్ళికి రోల్డ్‌గోల్డ్ వేసుకుని పోయినట్టుంది. ఆ బంగారం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." ఇదీ ఆయన వాదన, మొదటి విడత.

నేను విశాఖపట్నం దాన్ని. ఈ వాదనకి నా దగ్గర జవాబు పుట్టుకతో వచ్చింది. సింహాచలం అప్పన్నని ఏడాదిలో ఒక్కరోజే చూస్తాం, వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవం రోజున. మిగతా అన్ని రోజులూ మనకి కనిపించేది చందనం ముద్ద. ఆ ఒక్కరోజు నిజరూపం ఇచ్చి, రాత్రికల్లా మళ్ళీ మూడు మణుగుల చందనం పూసేస్తారు, తర్వాత ఆషాఢ పున్నమి లోపల ఇంకో మూడు విడతలు. చిన్నప్పుడు మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ క్యూలో అర్ధరాత్రి నుంచి నిలబడ్డారు. కనిపించింది ఎంతసేపు? రెప్పపాటు. కానీ మిగతా రోజుల్లో కొండెక్కేవాళ్ళు "దేవుడు కనపడలేదు, టికెట్ డబ్బులు వాపసివ్వండి" అనరే! లోపల ఉన్నాడని తెలుసు, అది చాలు. కనిపించని దాని దగ్గరికి వెళ్ళడం మనకి కొత్తేం కాదు, మ్యూజియంలోకి అడుగు పెట్టగానే మర్చిపోతామంతే.

జపాన్‌లోనూ ఇదే పద్ధతి ఉంది. చాలా గుళ్ళలో మూలవిరాట్టుని తలుపులేసి ఉంచుతారు, ఏ ఏడాదికో ఏ ముప్ఫై ఏళ్ళకో తెరుస్తారు. నారా దగ్గర హోర్యూజీ గుళ్ళో యుమెదొనో అనే ఎనిమిది మూలల మంటపం ఉంది, అందులో ఏడో శతాబ్దపు అవలోకితేశ్వరుడి విగ్రహం, చెక్కది, బంగారు రేకు పూత వేసినది. కొన్ని వందల ఏళ్ళపాటు దాన్ని ఎవరూ చూడలేదు. 1884లో ఎర్నెస్ట్ ఫెనెలోసా అనే అమెరికన్, ఒకాకురా కకుజో అనే జపనీయుడు ప్రభుత్వ కాగితం పట్టుకుని వచ్చి తెరవమన్నారు. తెరిస్తే భూకంపం వచ్చి గుడి కూలుతుందని పూజారులు భయపడ్డారట. ఫెనెలోసా రాసుకున్నదాని ప్రకారం దాదాపు 500 గజాల గుడ్డ చుట్టి ఉంది దానికి, విప్పుతుంటే ఏళ్ళనాటి దుమ్ము ఊపిరాడనివ్వలేదు. విప్పాక ఏం కనిపించింది? పన్నెండు వందల ఏళ్ళ కిందటి బంగారం, ఇప్పటికీ మెరుస్తూ. దాచినందుకే మిగిలింది. ఇప్పుడు దాన్ని వసంతంలో కొన్నాళ్ళు, శరత్తులో కొన్నాళ్ళు తెరుస్తారు, మిగతా కాలమంతా మూసే.

"అక్కడ ఏడాదికి రెండుసార్లు. అప్పన్న ఒకసారి. మీ స్పాల్డింగ్ ఆ ఒక్కరోజు కూడా ఇవ్వలేదు కదా" అన్నాడు మా ఆయన. లాజిక్ ఇంజనీరుది, వదలడు.

ఇచ్చి ఉంటే బాగుండేదా? ఏడాదికి ఒకరోజు తెరిచే ఏర్పాటుంటే నేనూ సంతోషంగానే వెళ్ళి క్యూలో నిలబడేదాన్ని. కానీ 1921లో వాళ్ళకి ఏ హామీ ఉంది? ఒకసారి మినహాయింపు ఇస్తే అది రెండోసారికి దారి, ఏ మంత్రిగారి భార్యకో, ఏ పెద్ద దాతకో "ఈ ఒక్కసారికి" అని. మనకి వీఐపీ దర్శనాల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పూర్తిగా వద్దనేస్తే ఎవరికీ వద్దనే అర్థం, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే రూలు. జపాన్‌లోనే నాగానోలో జెంకోజీ గుడిలో అసలు విగ్రహాన్ని ఎవరూ చూడరు. ఆరేళ్ళకోసారి దాని నకలుని బయటపెడితే దేశం నలుమూలల నుంచీ వస్తారు, నకలుకే. స్పాల్డింగ్ బొమ్మల నకళ్ళు మీ ఫోన్లోనే ఉన్నాయి: మ్యూజియం వాళ్ళు అన్నిటినీ మంచి ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టారు, ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూసుకోవచ్చు, కాగితం పీచు కూడా కనిపిస్తుంది. మసక వెలుతుర్లో గాజు వెనక చూసేదానికంటే రంగులు అక్కడే బాగా తెలుస్తాయి.

ఈ మాట అనగానే దొరికిపోయాను. "మరైతే ఇంట్లోనే కూచుని ఫోన్లో చూడొచ్చుగా. పార్కింగూ ట్రైనూ టికెట్టూ ఎందుకు?"

ఎందుకో అక్కడే చూపించాను. ఒక గోడ మీద నాటకాల నటుల ముఖాలున్నాయి, వాటి వెనక నల్లగా మెరిసే నేపథ్యం. అభ్రకం పొడి చల్లి అచ్చేసిన పద్ధతి అది. 1794లో షరాకు అనే చిత్రకారుడు ఇలాంటి ముఖాలతో ఉన్నట్టుండి వెలిశాడు, పదినెలల్లో నూట నలభైకి పైగా బొమ్మలు వేసి ఉన్నట్టుండి మాయమయ్యాడు, ఆయనెవరో పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఆ అభ్రకం ఫోటోలో బూడిద రంగుగా కనిపిస్తుంది, అంతే. ఎదురుగా నిలబడి తల కాస్త అటూ ఇటూ జరిపితే అప్పుడు మెరుస్తుంది, మెరుపు మీద ఆ ముఖం ముందుకు వస్తుంది. అలాగే రంగు లేకుండా ఉత్త చెక్కతో నొక్కి తెల్ల కాగితంలో ఎత్తుపల్లాలు తెప్పిస్తారు, మంచు మీదో కొంగ రెక్కల మీదో. అది పక్క నుంచి వంగి చూస్తేనే తెలుస్తుంది. మేమిద్దరం ఆ బొమ్మ ముందు కోడిపెట్టల్లా తలలు ఊపుతుంటే వెనకాల ఒక పెద్దావిడ ఓపిగ్గా నిలబడి, మేం జరిగాక తను కూడా అలాగే ఊపింది. మా ఆయనకి అది నచ్చింది. ఒక్క బొమ్మ దగ్గరే చాలాసేపు ఉన్నాం, నిజం చెప్పాలంటే అల దొరికి ఉంటే ఇంతసేపు ఉండేవాళ్ళం కాదు. అల ముందు సెల్ఫీ దిగి కెఫేకి పోయేవాళ్ళం.

కాబట్టి అన్నీ దాచెయ్యండి అని నేననడం లేదు. ఈ మ్యూజియంలో జపాన్ అచ్చు బొమ్మలు యాభై వేల దాకా ఉన్నాయి. వాటిలో ఆరు వేలు ముట్టుకోవద్దు, మిగతావి వంతులవారీగా చూపించండి, చూపించేటప్పుడు మసక వెలుతుర్లోనే చూపించండి. ఇంతే నేననేది. జపాన్ వాళ్ళు తమ సొంత సామాను విషయంలో ఇంతకంటే గట్టిగా ఉంటారు. నారాలో షోసోయిన్ అనే చెక్క ఖజానా ఉంది, 756లో చనిపోయిన చక్రవర్తి వస్తువుల్ని రాణి బుద్ధుడికి సమర్పించినప్పటి నుంచి కాపాడుకొస్తున్నారు. తొమ్మిది వేల వస్తువుల దాకా ఉన్నాయట. చక్రవర్తి ముద్ర వేసి మూసి ఉంచుతారు, శరదృతువులో ముద్ర విప్పి అరవై వస్తువుల దాకా బయటికి తీసి నారా జాతీయ మ్యూజియంలో రెండు వారాలకు కాస్త అటూ ఇటూగా చూపిస్తారు. 1946 నుంచి ఇదే వరస. ఈ ఏడాది చూసిన వస్తువు మళ్ళీ ఎన్నేళ్ళకి వస్తుందో. అందులో అయిదు తీగల వీణలాంటి వాయిద్యం ఒకటుంది, ముత్యపు చిప్ప పొదిగినది. అయిదు తీగల పద్ధతి మన దేశం నుంచి వెళ్ళిందంటారు, అలాంటి పాతది ప్రపంచంలో అదొక్కటే మిగిలింది. వాయించేవాళ్ళు లేరు, రోజూ చూసేవాళ్ళు లేరు. ఉంది.

ఇక మా ఆయన రెండో విడత. ఇదే నాకు తగిలింది.

ఆయనది గుంటూరు జిల్లా. స్కూల్లో ఉన్నప్పుడు అమరావతి పిక్నిక్‌కి తీసుకెళ్ళి మహాస్తూపం చూపిస్తామంటే గడ్డి మొలిచిన దిబ్బ కనిపించిందట. శిల్పాలు చెక్కిన పలకలన్నీ ఏవీ సార్ అంటే కొన్ని మద్రాసులో, కొన్ని లండన్లో అన్నారట. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకి పంపినవి, 1859లో అక్కణ్ణుంచి ఓడెక్కాయి. పలనాటి సున్నపురాయి లండన్ పొగకీ తేమకీ పాడవుతుంటే వాటిని నేలమాళిగలో పెట్టేశారు, 1992లో బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు గాజు గోడలతో ప్రత్యేక గది కట్టేదాకా చాలా ఏళ్ళు అవి జనానికి కనిపించలేదు. "అప్పుడు కూడా కాపాడుతున్నాం అనే చెప్పి ఉంటారు కదా" అన్నాడు మా ఆయన. "దాచడం తప్పని నేననను. ఎవడి సొమ్ము ఎవడు దాస్తున్నాడు అనేదే నా గొడవ. జపాన్ బొమ్మలు చీకట్లో ఉంచాలంటే జపాన్‌లో చీకటి లేదా?"

దీనికి నేను చరిత్ర చెప్పబోయాను. బోస్టన్‌కి ఈ బొమ్మలు దోచుకొస్తే రాలేదు. ఎడ్వర్డ్ మోర్స్ అనే జంతుశాస్త్రవేత్త 1877లో సముద్రపు జీవుల కోసం జపాన్ వెళ్ళి మట్టి కుండల ప్రేమలో పడ్డాడు. ఆ మరుసటి ఏడాది ఫిలాసఫీ చెప్పడానికి ఫెనెలోసా వెళ్ళాడు. 1882లో వెళ్ళిన విలియం బిగెలో అయితే డాక్టరు పని వదిలేసి ఏడేళ్ళు అక్కడే ఉండి, బౌద్ధం తీసుకుని, చనిపోయాక తన చితాభస్మంలో సగం బివా సరస్సు దగ్గరి గుళ్ళో పెట్టించుకున్నాడు. అప్పటి జపాన్ ఎలా ఉందంటే, 1868 తర్వాత కొత్త ప్రభుత్వం షింటో (జపాన్ సొంత మతం) వేరు బౌద్ధం వేరని గీత గీసింది, చాలాచోట్ల జనం బుద్ధ విగ్రహాల్ని పగలగొట్టారు, కాల్చారు. ఆదాయం పోయిన గుళ్ళు అమ్ముకున్నాయి, జీతాలు పోయిన సమురాయ్‌లు అమ్ముకున్నారు. పాత గుళ్ళ సంపద కాపాడే చట్టం 1897లో గానీ రాలేదు. వీళ్ళు కొనకపోతే కొన్ని పొయ్యిలోకి పోయేవే.

"కొన్ని. అన్నీ కాదు" అన్నాడు మా ఆయన. నిజమే. 1932లో ఇదే మ్యూజియం పన్నెండో శతాబ్దపు బొమ్మల చుట్ట ఒకటి (పొడవాటి కాగితం మీద గీసి చుట్టిపెట్టిన బొమ్మల కథ) కొంది, కిబి అనే దొరగారు చైనా వెళ్తే అక్కడివాళ్ళు ఆయన్ని గోపురంలో బంధించి పరీక్షలు పెట్టడం, ఒక దెయ్యం వచ్చి సాయం చెయ్యడం, గో అనే గళ్ళ పలక ఆటలో ఆయన ఎదుటివాడి కాయ ఒకటి మింగేసి గెలవడం, ఇలాంటి కథ. మహా సరదాగా ఉంటుంది, మన తెనాలి రామలింగడి బాపతు. అది అప్పటికే మార్కెట్లో ఉంది, జపాన్‌లో కొనేవాళ్ళు దొరకలేదు. కొన్న క్యూరేటర్ తొమితా కొజిరో కూడా జపనీయుడే. అయినా దేశం దాటిందని తెలిసి జపాన్‌లో గగ్గోలు పుట్టింది, మరుసటి ఏడాదే, 1933లో, ఇలాంటివి బయటికి పోకుండా కొత్త చట్టం తెచ్చుకున్నారు. ఇక్కడ గుడి మంటలూ లేవు, పేదరికమూ లేదు, డబ్బున్నవాడు కొన్నాడు. 2022లో టోక్యో ప్రదర్శనకి ఆ చుట్ట అప్పు మీద వెళ్ళి వచ్చింది. "సొంత ఊరికి అప్పు మీద వెళ్ళడమేంటి" అన్నాడు మా ఆయన. నేనేం మాట్లాడలేదు.

కానీ అచ్చు బొమ్మల విషయంలో ఈ వాదన పనిచెయ్యదని నా పట్టు. ఒక్కో చెక్క దిమ్మెతో వందలు, వేలు అచ్చేసి బజార్లో అమ్మినవి అవి, ఎడోలో (ఇప్పటి టోక్యో) కూలివాడు కూడా కొనగలిగినవి. జపాన్‌లోనూ ప్రతులున్నాయి. ఒక ఊరిని బోసి చేసి తెచ్చినవి కావు. అమరావతి పలక ఒక్కటే ఉంటుంది, అది ఆ స్తూపం మీదే ఉండాల్సింది. రెండిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గుడి విగ్రహాల సంగతి వేరు, అక్కడ మాత్రం నేను మా ఆయన పార్టీకి సగం దూరం నడుస్తాను.

ఎందుకంటే ఆ మ్యూజియంలో ఒక గుడి గది కూడా ఉంది. 1909లో ఇప్పటి భవనం కట్టినప్పుడే జపాన్ గుడి లోపలి భాగంలా కట్టారు, కొన్నేళ్ళు మూసి విగ్రహాల్ని శుభ్రం చేసి 2024లో మళ్ళీ తెరిచారు. చెక్క స్తంభాలు, ఇంకా ఎక్కువ చీకటి, ఏడు పెద్ద విగ్రహాలు, అన్నీ చెక్కవి, తొమ్మిది నుంచి పన్నెండో శతాబ్దం దాకా. మధ్యలో వైరోచన బుద్ధుడు. అడుగుపెట్టగానే మా ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు, నేను నా చెప్పుల వైపు. విప్పాలా? ఎవరూ విప్పడం లేదు. చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి గానీ దణ్ణం పెట్టాలో ఫోటో తియ్యాలో తెలియక ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. ఇంకో గదిలో మైత్రేయుడు ఉంటాడు, 1189లో కైకెయ్ చెక్కినది, ఆ మహాశిల్పి తేదీ తెలిసిన పనుల్లో మొదటిది, నారా కొఫుకుజీ గుడి నుంచి వచ్చింది. అంత అందమైన దాన్ని ఎప్పుడూ చూడలేదు. అయినా ఆయన్ని చూస్తుంటే ఈయనకి పూజ జరిగి నూరేళ్ళు దాటింది కదా అనే ఆలోచనే తిరుగుతోంది బుర్రలో. అచ్చు బొమ్మకి చీకటి మేలు చేస్తుంది. మూలవిరాట్టుకి చీకటి ఒక్కటే సరిపోదు, ఆ తలుపులు ఫలానా రోజు తెరుస్తారని ఎదురుచూసే ఊరు కూడా ఉండాలి. అప్పన్నకి ఆ ఊరుంది, యుమెదొనోకి ఉంది. ఇక్కడ శని ఆదివారాలు టికెట్టు కొనుక్కొచ్చే మాలాంటివాళ్ళున్నాం.

బయటికొచ్చి మ్యూజియం పక్కనే ఉన్న తెన్షిన్‌ఎన్ తోటలో కూచున్నాం. 1988లో నకానే కిన్సాకు వేసిన రాళ్ళూ గులకా తోట, చలికాలం మూసేస్తారు, ఇంకా తెరిచే ఉంది. దాని పేరు ఒకాకురాది, ఆయనకి తెన్షిన్ అని ఇంకో పేరు. యుమెదొనో తలుపులు తెరిపించిన ఆ ఒకాకురాయే 1904లో బోస్టన్ వచ్చి ఇక్కడి జపాన్ బొమ్మలకి జాబితాలు రాశాడు, తర్వాత ఆ విభాగానికి క్యూరేటర్ అయ్యాడు. అంతకుముందు కలకత్తా వెళ్ళి వివేకానందుడినీ ఠాగూర్‌నీ కలిశాడు. ఆయన పోయిన నాలుగేళ్ళకి, 1917లో, ఇదే మ్యూజియంలో భారతీయ కళకి ఆనంద కుమారస్వామి చేరాడు, చివరిదాకా ఇక్కడే ఉన్నాడు. మా ఆయనకి ఇదంతా చెబుతుంటే, "అంటే తలుపు తెరిపించినవాడి పేరు మీద తోట ఉంది, మూసి ఉంచమన్నవాళ్ళ పేరు మీద ఏం ఉంది?" అన్నాడు. ఆరు వేల బొమ్మలున్నాయి అన్నాను.

ఇప్పుడు గొడవ కొత్త దారి పట్టింది. షోసోయిన్ వస్తువుల ప్రదర్శన అక్టోబరు చివర్లో మొదలవుతుంది, యుమెదొనో తలుపులు అక్టోబరు 22 నుంచి నవంబరు 22 దాకా తెరుస్తారు. రెండూ నారా చుట్టుపక్కలే, ఒకే ప్రయాణంలో అయిపోతాయి. దాచినవాళ్ళు చూపించే రోజుల్లోనే వెళ్ళి చూద్దాం, వచ్చే ఏడాదికి టికెట్లు చూడు అన్నాను. అదే రోజుల్లో దీపావళి వస్తే ఏం చేస్తావు, పిల్లల స్కూలు సంగతేంటి, మా అమ్మావాళ్ళు కూడా అప్పుడే వస్తామన్నారు కదా అంటున్నాడు. అత్తయ్యగారిని కూడా నారా తీసుకెళ్దాం అంటున్నాను నేను. ఇంకా తేలలేదు.